వెంకటేశం ఎక్కడికి పోయాడు?

దుష్టుణ్ణి రంగం మీద చూసి ప్రేక్షకుడు మనసు పారేసుకోవడం నిన్న మొన్న మొదలైన సంగతి కాదు. మా తాడిపత్రిలో 1880లో పుట్టి, బళ్ళారిలో ప్లీడరీ చేస్తూ నాటకాలాడిన రాఘవ హిరణ్యకశిపుడి వేషం కట్టినా, కోలాచలం శ్రీనివాసరావు 'రామరాజు చరిత్ర'లో పఠాను వేషం కట్టినా, జనం చూపంతా ఆ వేషం మీదే నిలిచేది. 1977లో 'దానవీరశూరకర్ణ' వచ్చింది. పేరు కర్ణుడిది, పిల్లల నోళ్ళలో నానినవి దుర్యోధనుడి సంభాషణలు. మన ఆలంకారికులు సైతం నాయకుల్ని నాలుగు రకాలుగా విభజించి, అందులో అహంకారీ చండకోపీ అయిన ధీరోద్ధతుడికి ఒక పీట వేశారు. కాబట్టి 'యాంటీ హీరో' అన్న మాట ఇంగ్లీషు విమర్శ నుంచి అరువు తెచ్చుకున్నదే గాని, ఆ సరుకు మన ఇంట్లో లేనిదేమీ కాదు.

అయితే ఆ పాత ప్రేమకు ఒక హద్దుండేది. తెర పడేది. ప్రేక్షకుడు ఇంటికి పోయి, తెల్లవారి తన మడికో మగ్గానికో పోయేవాడు. ఇవాళ తెర పడదు. టెలివిజన్ ధారావాహికలో ఒక భాగానికీ మరో భాగానికీ మధ్యనున్న కాలం, సినిమా విడుదలకూ దాని రెండో భాగానికీ మధ్యనున్న సంవత్సరాలు, ఇదివరకు ఖాళీగా ఉండేవి. ఇప్పుడా ఖాళీ కూడా వ్యాపారస్థలమైంది. నాయకుడు మెడ మీద చెయ్యి వేసి నరికే దృశ్యాన్ని ఇరవై సెకన్లకు కత్తిరించి, దానికి సంగీతం తగిలించి, తన బొమ్మను పక్కన అతికించి, ఫోనులో స్టేటస్‌గా పెట్టుకొనే కుర్రవాడు, తాను ఆనందిస్తున్నాననే అనుకుంటాడు. నిజానికి అతడు పని చేస్తున్నాడు. కూలి లేని పని. ఆ పనిని అతడిచేత ఎట్లా చేయిస్తున్నారు, దానికోసం కథనే ఎట్లా మలుస్తున్నారు అన్నదే ఇక్కడ నా చర్చ. కరువు జిల్లాలో ముప్పై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి గనుక, ఆ కుర్రవాడు నాకు ఊహామాత్రుడు కాడు. ప్రతి ఏటా నా ఎదుటి బల్లల మీద కూర్చుంటాడు.

ముందు మన దగ్గరున్న కొలబద్దను తీసి చూద్దాం. తెలుగు నాటకంలో యాంటీ హీరో అనదగినవాడు గిరీశం ఒక్కడే అంటే తప్పు లేదు. 'కన్యాశుల్కం' 1892లో మొదట విజయనగరంలో ఆడింది. ఇవాళ మనం చదివే రూపం 1909 నాటిది. గిరీశాన్ని ద్వేషించిన పాఠకుణ్ణి నేనింతవరకు చూడలేదు. అబద్ధాలకోరు, అప్పులవాడు, ఆడవాళ్ళను మోసగించేవాడు. అయినా అతడు నోరు తెరిస్తే మనం ముందుకు వంగి వింటాం. గురజాడకు ఈ సంగతి తెలియదా? బాగా తెలుసు. తెలుసు కనుకనే గిరీశం పక్కన వెంకటేశాన్ని నిలబెట్టాడు.

వెంకటేశం గిరీశానికి శిష్యుడని మనమంటాం. నేటి పరిభాషలో చెప్పాలంటే అభిమాని. తెలుగు సాహిత్యంలో మొట్టమొదటి ఫ్యాన్. గురువు మాటలు వల్లిస్తాడు, గురువు చుట్టలు కాలుస్తాడు, పరీక్ష పోగొట్టుకుంటాడు. అందుకు బదులుగా గురువు చేసిందేమిటి? పట్నంలో అప్పులవాళ్ళ బెడద తప్పించుకోవడానికి ఆ కుర్రవాడి ఇంటినే సత్రంగా వాడుకున్నాడు. ఆ ఇంటి వితంతువు మీదనే కన్నువేశాడు. మనం గిరీశాన్ని చూసి నవ్వుతూనే ఉంటాం, కాని ఆ నవ్వు వెంకటేశం ముఖం మీదుగా వస్తుంది. అభిమానం ఎట్లా పుడుతుందో, ఎవరికి లాభిస్తుందో, ఎవరి ఇంట్లో ఎవరికి నష్టం తెస్తుందో నాటకమే లెక్క గట్టి చూపిస్తుంది. గురజాడ గిరీశానికి శిక్ష వేయడానికి పెద్దగా శ్రమపడలేదు. మధురవాణిని, బుచ్చమ్మను, వెంకటేశాన్ని అతడి చుట్టూ కొలతలుగా పెట్టాడు, అంతే.

ఇప్పుడొస్తున్న యాంటీ హీరో కథల్లో ఈ వెంకటేశాన్ని రంగం మీద నుంచి దింపేశారు. దింపి ఎక్కడ పెట్టారంటే, మన కుర్చీలో పెట్టారు.

ఈ పనిని శాస్త్రీయంగా చేసినది అమెరికా టెలివిజన్. 1999 నుంచి 2007 వరకు హెచ్.బి.ఓ. సంస్థ ప్రసారం చేసిన 'ది సోప్రానోస్' ఒక ముఠానాయకుడి గృహజీవితం. దాని వెనుక వచ్చిన వాటిలో మన విద్యార్థులకు కూడా బాగా తెలిసినది 'బ్రేకింగ్ బ్యాడ్'. 2008 నుంచి 2013 దాకా ఏ.ఎం.సి. అనే ఛానెల్ ప్రసారం చేసింది. నాయకుడు మన వృత్తివాడే, రసాయనశాస్త్రం చెప్పే బడిపంతులు. కేన్సరు వచ్చిందని తెలిసి, కుటుంబం కోసమంటూ మత్తుమందు వండుతాడు. రచయితలు నిజాయితీపరులు, వైద్యానికి డబ్బు మేమిస్తామని పాత మిత్రులు ముందుకు వచ్చినా అతడు అహంకారంతో తోసిపుచ్చిన సంగతిని మొదట్లోనే చూపించారు. కుటుంబం కోసం కాదు, నా కోసమే చేశానని అతడే చివరి భాగంలో ఒప్పుకుంటాడు. కథ చదివినవాడికి ఇందులో మోసమేమీ లేదు.

మోసం కథ చుట్టూ కట్టిన దుకాణంలో ఉంది. భాగం ప్రసారమవుతూండగానే ప్రేక్షకుడు తన చేతిలోని రెండో తెర మీద ప్రశ్నలకు జవాబులివ్వడానికి, ఓట్లు వేయడానికి ఆ ఛానెల్ ఏర్పాటు చేసింది. చివరి భాగాలప్పుడు, 2013లో, ప్రసారం ముగిసీ ముగియగానే దాన్ని గురించి మాట్లాడుకోవడానికి వేరే కార్యక్రమమే నడిపింది. అభిప్రాయం చెప్పమనడం ప్రజాస్వామ్యమే కదా అనవచ్చు. ఏ విషయం మీద అభిప్రాయం అడుగుతున్నారన్నది చూడాలి. ఇతడు ఈ క్షణంలో చేసినది ఒప్పా తప్పా, ఇతడు గెలుస్తాడా ఓడుతాడా, ఇతడి ఎత్తు గొప్పదా వాడి ఎత్తు గొప్పదా, ఇవే. పేకాట బల్ల చుట్టూ మూగినవాళ్ళు అడిగే ప్రశ్నలు. మత్తుమందు ఎవరి వీధిలో అమ్ముడుపోతోంది, దాన్ని కొని చచ్చేవాళ్ళెవరు అనే ప్రశ్నకు ఓటు వేసే మీట ఉండదు. అట్లాంటి ప్రశ్నకు రెండు జవాబులు చాలవు గనుక.

దీని ఫలితం ఆ నాయకుడి భార్య పాత్ర మీద పడింది. ఆ ఇంట్లో లెక్క అడిగే మనిషి ఆవిడ ఒక్కతే. డబ్బెక్కడిదని అడుగుతుంది, పిల్లల గతేమిటని అడుగుతుంది. లక్షలాది ప్రేక్షకులు హంతకుణ్ణి ప్రేమించి, ఆ లెక్క అడిగిన ఆవిణ్ణి అసహ్యించుకున్నారు. ఆ ద్వేషం పాత్రను దాటి తన మీదికే ఎట్లా వచ్చిందో ఆ వేషం వేసిన నటి ఆనా గన్ 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో రాసుకున్నది. బుచ్చమ్మను జనం రాళ్ళతో కొట్టినట్టు లేదూ ఇది? వెంకటేశాన్ని రంగం మీద నుంచి దింపితే జరిగేదదే. కొలతగా ఉండవలసిన మనిషి అడ్డంకిగా కనబడుతుంది.

మన ఛానెళ్ళ సంగతి త్వరగా ముగిస్తాను. స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా నడిచిన 'కార్తీకదీపం' మలయాళ ధారావాహికకు తెలుగు రూపం. నల్లగా ఉన్నందుకు అవమానాలపాలయ్యే నాయిక పాత్రకు నటిచేత నల్లరంగు పూయించుకొన్న ఆ ధారావాహికలో మోనిత అనే డాక్టరమ్మ కుట్రలే కథకు ఇంధనం. ఇంటింటా తిట్టారు, ఇంటింటా ఎదురుచూశారు, వేళాకోళపు బొమ్మలు వేలకొద్దీ ఫోన్లలో తిరిగాయి. ఆ తిట్లకు ధర ఉందని ఛానెల్‌కు తెలుసు. ఆ వేషం వేసిన శోభాశెట్టి 2023లో అదే ఛానెల్ 'బిగ్ బాస్' ఇంట్లో కనబడింది. ఆడదాని దుష్టత్వం మన టెలివిజన్‌లో పచ్చిమిరపకాయ పాటి గౌరవం మాత్రమే పొందుతుంది. నంజుకోవడానికి పనికి వస్తుంది. మగవాడి దుష్టత్వానికి కటౌటు లేస్తుంది, పాలాభిషేకం జరుగుతుంది. అమెరికాలోనూ హైదరాబాదులోనూ ఈ ఒక్క సంగతిలో తేడా లేకపోవడం గమనించదగినది.

ఇక మా సీమ గురించి మాట్లాడాలి.

1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు' వచ్చి ఆడిన తర్వాత, రాయలసీమ అనే మాటకు తెలుగు ప్రేక్షకుడి మనసులో ఒకే అర్థం స్థిరపడింది. సుమోలు, వేటకొడవళ్ళు, నాటుబాంబులు. ఈ సినిమాలు హాళ్ళలో ఆడింది నూరు రోజులో రెండు వందల రోజులో. టెలివిజన్‌లో పాతికేళ్ళుగా పండగలకూ ఆదివారాలకూ ఆడుతూనే ఉన్నాయి. ఆ రెంటిలోనూ నాయకుడైన నటుడు 2014 నుంచి మా హిందూపురానికి శాసనసభ్యుడు. ఇందులో కుట్ర ఏమీ లేదు. తెర మీది బొమ్మకూ ఓటుకూ మధ్య దారి ఎంత దగ్గరో తెలుసుకోవడానికి ఉదహరిస్తున్నాను. మా భాష కూడా బందీ అయింది. కదిరి యాసలోనో గుత్తి యాసలోనో తల్లి బిడ్డను అన్నానికి పిలిచే మాట తెర మీద వినబడదు. ఆ యాస బెదిరింపుకే కేటాయింపు. పై చదువులకు హైదరాబాదు పోయిన మా పిల్లల్ని హాస్టళ్ళలో తోటివాళ్ళు "మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని అడుగుతారు. వాళ్ళు మొదట సిగ్గుపడతారు. రెండో ఏడాదికి ఆ ప్రశ్నకు మీసం మీద చెయ్యి వేసి నవ్వడం నేర్చుకుంటారు. యాంటీ హీరో వాళ్ళకు ఇచ్చిన వరమేమిటంటే, అవమానాన్ని అలంకారంగా ధరించే ఉపాయం. దీన్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను.

అయితే ఆ అలంకారం దేనితో చేసినదో కూడా చూడాలి గదా. రాంగోపాల్‌వర్మ 'రక్తచరిత్ర' మొదటి భాగం 2010 అక్టోబరు 22న, రెండో భాగం డిసెంబరు 3న విడుదలయ్యాయి. ఊరి పేరూ మనుషుల పేర్లూ కొంచెం మార్చినా అది మా జిల్లా కథేనని అందరికీ తెలుసు. ఆ కథకు వెనుకనున్న తారీఖులు ఇవి. భూపోరాటాలతో సంబంధమున్న పరిటాల శ్రీరాములు 1975లో హత్యకు గురయ్యాడు. 1993లో మద్దెలచెర్వులో టెలివిజన్ పెట్టెలో అమర్చిన బాంబు పేలి ఒకే ఇంటివాళ్ళు చనిపోయారు. (టెలివిజన్ గురించి వ్యాసం రాస్తూ ఈ వాక్యాన్ని మామూలు వాక్యంగా రాయడం నాకు చాతకాలేదు.) 1997 నవంబరు 19న హైదరాబాదు జూబిలీహిల్స్‌లో కారుబాంబు పేలి 26 మంది మరణించారు, అప్పుడు పరిటాల రవీంద్ర వచ్చినది తండ్రి జీవితం మీద తీస్తున్న 'శ్రీరాములయ్య' సినిమా పని మీదనే. మృతుల్లో టెలివిజన్ వార్తాసిబ్బంది కూడా ఉన్నారు. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ కార్యాలయం దగ్గర రవీంద్ర హత్య జరిగింది. కారుబాంబు కేసులో యావజ్జీవశిక్ష పడిన మద్దెలచెర్వు సూరి, తన మీద తీసిన రెండో భాగం విడుదలైన నెలరోజులకే, 2011 జనవరిలో హైదరాబాదులో హత్యకు గురయ్యాడు.

ఈ తారీఖుల వరస చూస్తే సినిమా చరిత్రను వెంటాడుతోందా, చరిత్ర సినిమాను వెంటాడుతోందా అన్న అనుమానం కలగక మానదు. సినిమా మాత్రం ఈ వరసలో మొదటి మెట్టునే తుడిచేసింది. శ్రీరాములు చావు వెనుక భూమి ఉంది. ఎవరి భూమి, ఎవరు దున్నుతున్నారు, ఎవరు అనుభవిస్తున్నారు అనే తగాదా ఉంది. తెర మీదికి వచ్చేసరికి భూమి జారిపోయి, తండ్రిని చంపినవాడి మీద కొడుకు పగ మాత్రం మిగులుతుంది. వర్గతగాదా పోయి వంశతగాదా నిలుస్తుంది. పగకు కారణం అక్కరలేదు, తండ్రి శవం చాలు.

ఆ తర్వాత పనితనం మొదలవుతుంది. నాయకుడు చేసే హత్యలు ప్రేక్షకుడికి మింగుడుపడాలంటే అతడికంటె నీచుడొకడు కావాలి. అందుకు బుక్కారెడ్డిని సృష్టించారు. ఆడవాళ్ళను చెరిచే, నవ్వుతూ చంపే మృగం. వాడు తెరమీద ఉన్నంతసేపూ ప్రతాప్‌రవి చేసేదంతా న్యాయంగా కనిపిస్తుంది. అమెరికా బడిపంతులు కథ చివరలో కూడా నాజీ ముఠాను తెచ్చి పెట్టింది ఈ అవసరం కోసమే. నల్లబట్ట పక్కన మాసినబట్ట తెల్లగా కనబడుతుందన్న చాకిరేవు సత్యం మీద ఈ శిల్పమంతా ఆధారపడి ఉంది. అభిమాని కత్తిరించుకొనే దృశ్యం ఎప్పుడూ ఇట్లాంటి చోటనే ఉంటుంది. మృగం చచ్చే చోట. ఆ ముక్కలో అతడికి నాయకుడు హంతకుడుగా కనిపించడానికి వీలే లేదు, ఎందుకంటే పోలిక చెడగొట్టే మనుషులు ఆ చట్రంలో లేరు.

లేనివాళ్ళెవరో మా జిల్లా మనుషులకు చెప్పనక్కరలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన కురిసే నేల ఇది. అదైనా అదనుకు కురవదు. వేరుశనగ వేసి, ఊడల దశలో వాన మొహం చాటేస్తే చేలో గొర్రెల్ని తోలుకొనే రైతు ఆ తెర మీద లేడు. బోరు మీద బోరు వేసి అప్పులపాలై చచ్చినవాడు లేడు. కదిరి ప్రాంతం నుంచి బెంగుళూరికీ కేరళకూ కూలికి పోయేవాళ్ళు లేరు. ధర్మవరం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నవాడు లేడు. పాపం ఆ సినిమా టీవీలో వస్తే చూసేది మాత్రం అతడే. ముఠాలు బతికినది పగల మీద కాదు, సారా పాటల మీద, రోడ్డు కాంట్రాక్టుల మీద, గనుల మీద, పంచాయతీ ఎన్నికల మీద. బాలగోపాల్ సీమ ముఠాల గురించి రాసినవి చదివిన విద్యార్థికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. చచ్చిన అనుచరుల్లో అధికభాగం పేదకులాల కుర్రవాళ్ళు. వాళ్ళు కూడా ఒకప్పుడు ఎవరికో అభిమానులే. వెంకటేశాలే. చుట్టలు కాల్చడంతో ఊరుకోలేదు, అంతే తేడా.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. దాన్ని దాటవేసి పోవడం నిజాయితీ కాదు. నా తరగతిలోనే ఒక విద్యార్థి, మాదిగ కుటుంబం నుంచి వచ్చినవాడు, నాతో వాదించాడు. "సార్, మీ అభ్యుదయ నాయకులంతా మాకు హితబోధ చేసేవాళ్ళు. పుష్ప అట్లా కాదు. వాడికి ఇంటిపేరు లేదన్నారు, తండ్రి పేరు లేదన్నారు, కూలోడన్నారు. వాడు కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నాడు. ఆ కూర్చోవడమే మాకు కావాలి." నాకా మాట ఇప్పటికీ చెవిలో ఉంది. కాలు మీద కాలు వేసుకొని కూర్చోవడానికి మన పల్లెల్లో ఎన్ని దెబ్బలు తినవలసి వచ్చిందో తెలిసినవాడెవడూ ఆ కోరికను ఎగతాళి చెయ్యలేడు. సుకుమార్ తీసిన 'పుష్ప' 2021 డిసెంబరులో వచ్చి దేశమంతా ఆడటానికీ, గడ్డం కింద చెయ్యి తిప్పే ఆ భంగిమను ఆటగాళ్ళు మైదానాల్లో అనుకరించడానికీ వెనుక ఈ కోరిక ఉంది. దానికి నటుడు అల్లు అర్జున్ 2023లో జాతీయ బహుమతి కూడా పొందాడు. కథ జరిగేది మాకు దగ్గరలోనే, శేషాచలం అడవుల్లో. యాస చిత్తూరుది. బెదిరింపుకు తోడు ఆ యాసకు కొంత ప్రేమనూ హాస్యాన్నీ ఇచ్చినందుకు ఆ సినిమాకు నా మెప్పు కూడా కొంత చెల్లుతుంది.

కాని ఆ విద్యార్థికి నేను ఇచ్చిన జవాబు ఇది. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు పేదపల్లెల నుంచి ఎర్రచందనం దుంగలు నరకడానికి కూలికి వచ్చినవాళ్ళు. పుష్ప కథ మొదలయ్యేది వాళ్ళలో ఒకడుగానే. కాని కథ అతణ్ణి ఎంత త్వరగా వాళ్ళలోనుంచి పైకి లాగుతుందో చూడు. కూలి పెంచమని అడగటంతో మొదలైన మనిషి, వాటా అడగటానికి పోతాడు, సిండికేటు పెత్తనానికి పోతాడు. అతడు పైకి పోయిన తర్వాత కింద దుంగలు నరికేవాళ్ళ కూలి ఎంతయిందో కథకు అనవసరం. అతడి ఆత్మగౌరవం అసలైనదే కావచ్చు. అది మిగిలిన వాళ్ళందరి చేతులు అరువు తీసుకొని ఒక్కడు కూర్చున్న కుర్చీ. నీకు కూర్చోవాలని ఉంది, ఉండాలి కూడా. ఆ కుర్చీలో ఇంకొకడికి చోటుందా అన్నదొక్కటే నేనడిగేది.

అతడు ఒప్పుకున్నాడని చెప్పను. నా జవాబులో సగం మాత్రమే అతడికి సమాధానంగా తోచిందనుకుంటాను. తక్కిన సగానికి విమర్శకుల దగ్గర కాక రచయితల దగ్గర సమాధానముండాలి.

2024 డిసెంబరు 4 రాత్రి, రెండో భాగం ముందస్తు ప్రదర్శనకు, హైదరాబాదు సంధ్య థియేటరు దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయ స్థితికి పోయాడు. తర్వాత కేసులు, అరెస్టు, వాదాలు, ప్రతివాదాలు. వాటిలో ఎవరిది ఎంత తప్పన్నది కోర్టులు చూసుకుంటాయి. నాకు భయం కలిగించినది మరొకటి. ఆ వారమంతా వాదించుకున్నవాళ్ళు మళ్ళీ అవే పేకాట ప్రశ్నలు వేసుకున్నారు. ఎవరు తగ్గారు, ఎవరు తగ్గలేదు? చనిపోయిన మనిషి కూడా నాయకుడి ఆటలో ఒక ఎత్తుగా మారిపోయింది. ధారావాహిక నేర్పిన చదువు ఇక్కడికి తెచ్చింది.

మన వాళ్ళలో కొందరు దీనికి చెప్పే మందు ఒకటుంది. దుష్టనాయకులను నిషేధించాలి, ఉత్తమనాయకులను సృష్టించాలి. నేను ఈ పక్షం కాదు. నిర్దోషియైన కార్మికనాయకుడు అయిదంకాలూ ఉపన్యాసమిచ్చే నాటకాలు మనం చాలా ఆడాం. వాటికి వచ్చిన జనం మన జనమే, కండువాలు వేసుకొని వచ్చిన జనం. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మాభూమి' 1947లో ఊళ్ళను ఊపిందంటే, అది జరుగుతున్న పోరాటపు ఊపిరి పోసుకొని పుట్టింది గనుక. ఊపిరి లేకుండా ఆ రూపాన్ని మాత్రం నకలు చేస్తే ప్రేక్షకుడు ఆవలిస్తాడు, గుమ్మం దాటి పుష్ప దగ్గరికి పోతాడు. అందుకు అతణ్ణి తప్పుపట్టే అధికారం మనకు లేదు.

దుష్టుడు ఉండాలి. దుష్టుడి ఆకర్షణ కూడా ఉండాలి; ఆకర్షణ లేని దుష్టత్వం నిజజీవితంలో ఎవరినీ మోసగించదు. కావలసింది కొలత. 2018లో వచ్చిన త్రివిక్రమ్ 'అరవింద సమేత' ఈ దిశగా ఒక అడుగు వేసింది. కత్తి ఎత్తినవాడి వెనుక బొట్టు చెరుపుకొన్న ఆడవాళ్ళ వరసను చూపించింది. చివరకు పెత్తనాన్ని ఒక స్త్రీ చేతికిచ్చింది. అయినా వ్యాపారం తన పని తాను చేసింది. ఆ సినిమా నుంచి అభిమానులు ముక్కలుగా కత్తిరించుకొన్నవి ఆడవాళ్ళ మాటలు కావు, మొదట్లో వచ్చే చొక్కా లేని యుద్ధం. రచయిత కొలత పెట్టినా, కత్తెర దాన్ని పక్కకు తోసి ముక్క తీసుకుంటుంది. ఇది ఈ కాలపు కొత్త కష్టం. గురజాడకు ఈ కష్టం లేదు. గిరీశం మాటల్ని ఎవరైనా తెంపుకుపోయినా, పక్కన వెంకటేశం అమాయకంగా తలూపకుండా ఆ మాటలు పండవు. కొలతను మాటలోనే అల్లాడు గనుక కత్తెరకు అందలేదు. మన తెర రచయితలు నేర్చుకోవలసిన శిల్పరహస్యమేదైనా ఉంటే అది ఇక్కడ ఉంది.

మా జిల్లా రచయితలు కత్తి గురించి రాయకపోలేదు. విద్వాన్ విశ్వం 1950లలో 'పెన్నేటి పాట'లో రంగణ్ణీ గంగమ్మనూ ఎండిన ఏటి ఒడ్డున నిలబెట్టిన నాటినుంచి, సింగమనేని నారాయణ కరువు కథల మీదుగా, 2019లో సాహిత్య అకాడెమీ పొందిన బండి నారాయణస్వామి 'శప్తభూమి' దాకా ఈ నేల హింసను నేలతో కలిపి చెప్పే సంప్రదాయమొకటి ఉంది. వాటిలో ఆకలి ముందు వస్తుంది, కత్తి వెనుక వస్తుంది. ఇవి తెరకెక్కవు. ఎక్కినా వీటిలో ఇరవై సెకన్ల ముక్క దొరకదు. నా విద్యార్థుల్లో 'శప్తభూమి' చదివినవాళ్ళను ఈ ఏడాది చేతులెత్తమన్నాను. ముగ్గురు ఎత్తారు. పుష్ప సంభాషణ చెప్పగలవాళ్ళను అడగనక్కరలేకపోయింది. ఆ ముగ్గురూ అందులో ఉన్నారు.

'కన్యాశుల్కం' మొదటి అంకం ఈమధ్య తరగతిలో చదివించినప్పుడు గిరీశం వేషానికి పదిమంది పోటీపడ్డారు. వెంకటేశం వేషం వేస్తామన్నవాడు ఒక్కడూ లేడు. చివరకు పోయిన ఏడు పరీక్ష తప్పిన కుర్రవాడొకణ్ణి లేపి నిలబెట్టాను. అతడు చదవడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకు తరగతి నవ్వింది. అయిదు నిమిషాలకు నవ్వు తగ్గి, ఫోన్లు బల్లల కిందికి పోయాయి. 'పుష్ప 2' చివర మూడో భాగం పేరును తెరమీద ఇప్పటికే వేసి ఉంచారు.